కనుపాప వెనుక గోడ

చాలాకాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. కంటి వైద్యం గురించిన సంగతి కనుక చదివేవారికి విసుగు పుడుతుందేమోనన్న సంకోచం ఒకటి, ఇందులో మా ఇంటి విషయం కూడా కలిసి ఉన్నందున రాయటానికి మనసొప్పకపోవటం మరొకటి. అయితే కొంత చదివిన మీదట, ఇది ఒక్క ఇంటి కథ కాదనీ, దీని వెనుక నూట డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉన్నదనీ తెలిసింది. తెలిసిన తరువాత రాయకుండా ఉండటం తప్పనిపించింది. టపా కాస్త పొడుగైనది. ఓపికగా చదవమని మనవి.

పడుగు వంగింది

మంగళగిరి అనగానే ఎవరికైనా రెండు విషయాలు గుర్తుకు వస్తాయి. కొండ మీద పానకాల నరసింహస్వామి ఒకటి, కొండ కింద మగ్గాల మీద నేసే నూలు చీర మరొకటి. స్వామి నోట్లో బెల్లపు పానకం పోస్తే సగం తాగి సగం భక్తునికి ప్రసాదంగా వదిలిపెడతాడని ప్రతీతి. అంత బెల్లం ఒలికినా అక్కడ చీమ కనిపించదని మా పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. దిగువ సన్నిధిలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 ప్రాంతంలో కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం ఉంది. దాని శిఖరం ఊళ్ళో ఏ వీధిలో నిలబడినా కనిపిస్తుంది.

మా పెదనాన్నది గుంట మగ్గం. కాళ్ళు గుంటలో, కళ్ళు పడుగు మీద. నలభై ఏళ్ళు అలాగే గడిచాయి. తొంభైల దశకంలో, ఆయనకు యాభై దాటిన తరువాత, ఒకనాటి మధ్యాహ్నం మగ్గం మీదనుంచే నన్ను కేకేశాడు. "ఒరే అబ్బాయ్, ఈ పడుగేందిరా నడిమధ్యన వంగుతోంది?" అన్నాడు. దగ్గరకు పోయి చూశాను. పోగులన్నీ వీణ తీగల్లాగా తిన్నగా ఉన్నాయి. అదే మాట చెప్పాను. ఆయన నమ్మలేదు. నేతగాడికి పడుగు వంకర కనిపించటమంటే సంగీతం తెలిసినవాడికి అపస్వరం వినిపించటం వంటిది. పోగు తెగితే చీకట్లోనైనా వేళ్ళతో వెతికి అతకగలవాడు ఆయన.

చత్వారం ముదిరిందనుకున్నాము. కళ్ళజోళ్ళ దుకాణానికి తీసుకువెళితే పాయింట్లు మార్చి కొత్త జోడు ఇచ్చారు. నెల రోజులు బాగానే ఉందన్నాడు. తరువాత మళ్ళీ మసక. మళ్ళీ పాయింట్లు మారాయి. రెండేళ్ళలో మూడు జోళ్ళు. మూడవ జోడు వచ్చిన కొద్దికాలానికి ఒక ఉదయం లేచి, కంట్లో నల్లటి నూలు చిక్కు వేలాడుతోందనీ, దాని చుట్టూ పొగ కమ్మిందనీ అన్నాడు. గుంటూరులో ఒక వైద్యుడు కంట్లో చుక్కలు వేసి, అరగంట కూర్చోబెట్టి, తలకు దీపం తగిలించుకుని లోపలికి చూశాడు. చూసిన తరువాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "షుగరు ఎన్నాళ్ళ నుంచి?"

ఎనిమిదేళ్ళ నుంచి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కళ్ళజోడు దుకాణంలో మాత్రం ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. పంచదారకూ పడుగుకూ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

ఆ దుకాణం వారిని నేను తప్పుపట్టటం లేదు. వారి దగ్గర ఉన్నవి అద్దాల పెట్టె, అక్షరాల పలక. అద్దానికి లొంగే జబ్బును అద్దంతో సరిచేయటం వారికి తెలుసు. కనుపాప వెనుక ఏమున్నదో చూడటం వారి పని అని వారికి ఎవరూ చెప్పలేదు. మరి అది ఎవరి పని? ఎప్పటినుంచి? ఈ ప్రశ్నే నన్ను చరిత్రలోకి లాగింది.

నల్లటి కిటికీ

కనుపాప నల్లగా ఎందుకుంటుంది? లోపల చీకటి కాబట్టి అనుకుంటాము. కాదు. లోపలికి పోయిన వెలుగులో కొంత భాగం వెనుక గోడకు తగిలి తిరిగి వస్తుంది, అయితే వచ్చిన దారినే, దీపం ఉన్న వైపుకే వస్తుంది. దానిని చూడాలంటే మన కన్ను దీపం ఉన్న చోటనే ఉండాలి. అక్కడ మన తల పెడితే దీపానికి అడ్డం. అందుకే వేల ఏళ్ళపాటు మనిషి ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూనే ఉన్నా, లోపలి గోడను చూడలేకపోయాడు.

సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో డెబ్బై ఆరు నేత్రరోగాలను వర్ణించాడు. కంటిలో పొరలను పటలాలన్నాడు, దోషం ఒక్కొక్క పటలంలోకి దిగిన కొద్దీ చూపు ఎలా చెడుతుందో క్రమంగా చెప్పాడు. రోగి నోట విన్నదాన్ని బట్టి లోపలి సంగతి ఊహించటంలో అది అసాధారణమైన కృషి. అయితే నేత్రపటలాన్ని, అంటే మనం రెటీనా అంటున్న పొరను, బతికున్న కంటిలో చూసే సాధనం ఆనాడు ఏ దేశంలోనూ లేదు.

ఆ చిక్కును విప్పినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్. కోనిగ్స్‌బర్గ్‌లో శరీరధర్మశాస్త్రం బోధిస్తూ, విద్యార్థులకు కంటిలోని వెలుగు దారిని వివరించబోయి ఆయన ఈ సాధనాన్ని తయారు చేశాడు. పలుచటి గాజు బిళ్ళలను ఏటవాలుగా నిలిపి, పక్కనున్న దీపం వెలుగును వాటిమీదుగా కంటిలోకి పంపి, తిరిగి వచ్చిన వెలుగును అదే గాజు గుండా చూశాడు. తల అడ్డం రాలేదు. 1850 చివర బెర్లిన్‌లో ప్రకటించి, 1851లో పుస్తకంగా వెలువరించాడు. ఆఫ్తాల్మోస్కోపు పుట్టుక అదే.

ఇక్కడ ఒక పిట్టకథ. గణనయంత్రం పేరుతో మనకు తెలిసిన చార్లెస్ బాబేజి 1847లోనే ఇటువంటి సాధనం ఒకటి చేసి, లండన్‌లో పేరుపడ్డ ఒక కంటి వైద్యునికి చూపించాడు. ఆ వైద్యునికి అందులో ఏమీ సరిగా కనిపించలేదు. సాధనం పక్కన పడిపోయింది. పనిముట్టు ఉంటే చాలదు, దానితో చూడటం నేర్చినవాడు కావాలి. ఈ మాట గుర్తుంచుకోండి. ఈ కథ పొడుగునా మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఆ కిటికీ తెరుచుకున్న తరువాత వైద్యులు చూసింది కంటిని మాత్రమే కాదు. శరీరంలో కోత పెట్టకుండా రక్తనాళాలను కళ్ళారా చూడగలిగే చోటు రెటీనా. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, మధుమేహం, అన్నీ ఆ గోడ మీద తమ గుర్తులు వదులుతాయి.

తెలిసినా చేయగలిగింది లేని కాలం

1855 ప్రాంతంలో వియన్నాకు చెందిన ఎడ్వర్డ్ ఫాన్ యేగర్ మధుమేహ రోగుల రెటీనాలో పచ్చటి మచ్చలను, రక్తపు చారలను గమనించి బొమ్మలు గీశాడు. ఆనాటి కంటి వైద్యంలో తిరుగులేని పేరున్న ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె ఆ మచ్చలకు మధుమేహమే కారణమనటానికి ఒప్పుకోలేదు. 1872లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ నెటిల్‌షిప్ మరిన్ని ఆధారాలు చూపాడు. అయినా వాదన చాలాకాలం సాగింది. అందుకొక కారణం ఉంది. ఇన్సులిన్ రాకముందు తీవ్రమైన మధుమేహం వచ్చినవారు రెటీనా చెడేంతకాలం బతికేవారు కాదు. 1922లో ఇన్సులిన్ వాడకం మొదలై ఆయుర్దాయం పెరిగింది. కంటి జబ్బు దాని వెంట వచ్చింది. ప్రాణం నిలిపిన మందే పరోక్షంగా ఈ జబ్బును అందరికీ తెలిసేలా చేసింది.

అయితే కనిపెట్టి మాత్రం ఏం చేయగలరు? మందు లేదు. మన పక్క "నరం పోయిందండీ, ఇక లాభం లేదు" అనే మాట వాడుకలో ఉంది కదా. మనవాళ్ళు రెటీనానూ, కంటి నరాన్నీ కలిపి 'నరం' అంటారు. ఆ మాట ఒకనాటి వైద్యులు నిజాయితీగా చెప్పిన మాటే.

దానిని మార్చింది వెలుగే. 1945లో సూర్యగ్రహణాన్ని సూటిగా చూసి రెటీనా కాలినవారిని పరీక్షించిన జర్మన్ వైద్యుడు మేయర్-ష్వికరాత్, కాల్చే వెలుగును వైద్యానికి ఎందుకు వాడకూడదని ఆలోచించాడు. మొదట ఎండతో, తరువాత జెనాన్ దీపంతో ప్రయోగాలు చేశాడు. అటుపై లేజర్ వచ్చింది. అమెరికాలో జరిపిన పెద్ద అధ్యయనం ఒకటి 1976లో ఫలితాలు ప్రకటించింది. ముదిరిన మధుమేహ రెటీనా జబ్బులో లేజర్ వేస్తే, తీవ్రమైన చూపు నష్టం సగానికి పైగా తగ్గుతుందని అది తేల్చింది. 1985లో మరొక అధ్యయనం పచ్చచుక్క, అంటే మాక్యులా దగ్గర వాపుకు కూడా లేజర్ ఉపయోగమని చూపింది. 2005 తరువాత కంటిలోకి ఇచ్చే సూదిమందులు వచ్చాయి.

ఈ చరిత్రలో 1976ను నేను మలుపుగా భావిస్తాను. అంతకుముందు రోగ నిర్ధారణ విద్వాంసుల ఆసక్తి మాత్రమే. ఆ తరువాత అది కన్ను విలువ చేసే సమాచారం. పోయిన చూపును లేజర్ తిరిగి తేలేదు, ఉన్నదాన్ని నిలుపుతుంది. కాబట్టి చూపు తగ్గకముందే చూడాలి. చూపు తగ్గకముందు మనిషి ఆసుపత్రికి ఎందుకు వెళతాడు? వెళ్ళడు. నలభై దాటితే కళ్ళజోడు దుకాణానికి మాత్రం తప్పకుండా వెళతాడు.

ఎగ్మూరు నుంచి కంటి శిబిరాల దాకా

మంగళగిరి 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనిది. మద్రాసులో 1819లోనే కంటి వైద్యశాల పెట్టారు. ఆసియాలో మొదటిది అదేనంటారు. లండన్‌లో మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రి పుట్టిన పద్నాలుగేళ్ళకే అది ఇక్కడ వెలసింది. ఎగ్మూరు కంటాసుపత్రిగా అది మన పెద్దలకు పరిచితం. కృష్ణా గుంటూరు జిల్లాల వారికి పెద్ద కంటి వైద్యం అంటే మద్రాసు రైలెక్కటమే. 1946లో గుంటూరు వైద్య కళాశాల వచ్చిన తరువాత ఆ దారి కొంత దగ్గరైంది.

ఆ తరువాతి దశ కంటి శిబిరాలది. పాఠశాల ఆవరణలో పందిరి వేసి శుక్లాలు తీసిన రోజులు మీలో కొందరికి గుర్తుండవచ్చు. హైదరాబాదు సరోజినీదేవి కంటాసుపత్రికి చెందిన డాక్టర్ పి. శివారెడ్డి గారి పేరు అప్పట్లో ఊరూరా వినిపించేది. 1976లోనే భారత ప్రభుత్వం జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దాని ప్రధాన లక్ష్యం శుక్లం. విచిత్రం చూడండి, లేజర్ విలువ ఋజువైన ఏడూ, మన దేశం శుక్లం మీద యుద్ధం ప్రకటించిన ఏడూ ఒకటే.

దానిలో తప్పులేదు. 1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వారు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించి చేసిన అధ్యయనం ప్రకారం అంధత్వం 1.84 శాతం. అందులో 44 శాతానికి శుక్లమూ, 16.3 శాతానికి కళ్ళజోడు లేకపోవటమూ కారణాలు. అంటే ప్రతి పదిమంది అంధులలో ఆరుగురికి ఒక చిన్న ఆపరేషనో, ఒక జత అద్దాలో చాలు. ముందు ఆ పని చేయటమే న్యాయం. అయితే శుక్లం కోసం వెతికే కన్ను శుక్లం లేనివాణ్ణి "నీకేం లేదు, పో" అని పంపించే ప్రమాదం కూడా అందులోనే ఉంది. శుక్లం తెల్లగా బయటికి కనిపిస్తుంది. రెటీనా జబ్బు నొప్పి పెట్టదు, ఎరుపెక్కదు, నీరు కారదు.

అద్దాలవాడు లోపలికి చూడటం నేర్చిన కథ

పాశ్చాత్య దేశాలలోనూ అద్దాలవాడికి ఈ అధికారం తేలికగా దొరకలేదు. కనుపాపను పెద్దది చేసే చుక్కల మందు వేసి పరీక్షించే హక్కును ఆప్టోమెట్రిస్టులకు ఇచ్చిన మొదటి అమెరికన్ రాష్ట్రం రోడ్ ఐలాండ్. అది 1971లో. అంటే హెల్మ్‌హోల్ట్జ్ సాధనం వచ్చిన నూట ఇరవై ఏళ్ళకు.

మన దేశంలో ఆప్టోమెట్రీ చదువు 1958లో ఉత్తరాదిన మొదలైంది. నాలుగేళ్ళ డిగ్రీగా అది 1985లో మద్రాసులో శంకర నేత్రాలయ వారి ఎలైట్ స్కూలులో రూపుదిద్దుకుంది. కళ్ళజోడు కొలత ఒక పాఠం మాత్రమే అయి, కంటి జబ్బులను గుర్తించటం మరొక పాఠమైంది ఇటువంటి చదువుతోనే.

తెలుగునాట ఈ మార్పుకు ముఖ్య కారకుడు మన డెల్టా మనిషే. కృష్ణా జిల్లా చోడవరంలో పుట్టి, గుంటూరు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో పనిచేసి తిరిగివచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థను ప్రారంభించారు. పేరు ఏలూరు దగ్గర పుట్టిన సినిమా దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారిది. ఆ సంస్థ వైద్యాన్ని మెట్లుగా కట్టింది. సుమారు యాభై వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, దానిపైన కొన్ని లక్షల మందికి ఒక చిన్న ఆసుపత్రి, ఆపైన పెద్దాసుపత్రులు. మొదటి గ్రామీణ ఆసుపత్రి 1996లో ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లో వెలిసింది. విజన్ సెంటర్‌లో కూర్చునేది డాక్టరు కాదు. పరిసర గ్రామాలకు చెందిన, ఇంటర్మీడియట్ చదివి ఏడాది శిక్షణ పొందిన యువతీ యువకులు. వాళ్ళు కళ్ళజోడు ఇస్తారు. అద్దంతో బాగుపడని కన్నును గుర్తించి పై మెట్టుకు పంపిస్తారు. నా దృష్టిలో రెండవ పనే పెద్దది.

విజయవాడ పక్కన తాడిగడపలో ఆ సంస్థ శాఖ 2011లో వచ్చింది. ఇటు గుంటూరు దారిలో పెదకాకాని దగ్గర శంకర కంటి ఆసుపత్రి ఉంది. మా ఊరికి అటూ ఇటూ రెండు పెద్ద కంటాసుపత్రులు అర్ధగంట, గంట దూరంలోకి వచ్చాయి. ఆప్టోమెట్రీతో సహా ఇటువంటి వృత్తులకు దేశమంతటికీ వర్తించే చట్టం మాత్రం 2021 దాకా రాలేదు. అంతవరకు కళ్ళజోడు దుకాణంలో కూర్చున్నవారు నాలుగేళ్ళు చదివారో, నాలుగు నెలలు పక్కన నిలబడి నేర్చుకున్నారో అడిగేవారు లేరు.

దుకాణంలో కూర్చునే ఏం చూడవచ్చు?

ఈ వ్యాసానికి గుండెకాయ ఇదే కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాను.

మొదటిది, ప్రశ్న. "షుగరు ఉందా? బీపీ ఉందా? ఎన్నేళ్ళయింది?" దీనికి యంత్రం అక్కరలేదు. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు కంటిలోని కటకం నీరు పట్టి ఉబ్బి పాయింట్లు మారతాయి. దగ్గరి చూపుకు జోడు అవసరమైన పెద్దాయన ఉన్నట్టుండి జోడు లేకుండా పేపరు చదివి, చూపు బాగుపడిందని మురిసిపోవచ్చు. చక్కెర తగ్గగానే మళ్ళీ మామూలే. కొద్ది నెలల తేడాతో పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంటే కొత్త జోడు రాయటం కాదు, రక్తపరీక్షకు పంపటం సరైన పని. మా పెదనాన్న మూడు జోళ్ళూ నిజానికి మూడు హెచ్చరికలు.

రెండవది, సూది బెజ్జం. నల్లటి అట్టకు చిన్న రంధ్రం చేసి దానిగుండా అక్షరాలు చదివిస్తారు. చూపు మెరుగైతే లోపం చాలావరకు అద్దంతో పోయేది. మెరుగుపడకపోతే కారణం వేరే ఉంది. శుక్లమో, రెటీనానో, నరమో. పచ్చచుక్క చెడినవాడికి ఆ బెజ్జంలోంచి చూపు ఇంకా తగ్గవచ్చు కూడా. రూపాయి ఖర్చు లేని ఈ అట్టముక్క ఎన్ని కళ్ళను కాపాడగలదో!

మూడవది, గళ్ళ కాగితం. స్విట్జర్లాండ్ వైద్యుడు మార్క్ ఆమ్స్లర్ పేరుతో ప్రసిద్ధమైన పలక ఇది. పది సెంటీమీటర్ల చదరంలో నిలువు గీతలు, అడ్డగీతలు, నట్టనడుమ ఒక చుక్క. ఒక కన్ను మూసి, రెండవ కంటితో చుక్కను చూస్తూ గీతలు తిన్నగా ఉన్నాయో లేదో చెప్పాలి. మాక్యులా వాచినవారికి గీతలు వంగి కనిపిస్తాయి. దాని గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నిలువు గీతలు పడుగు. అడ్డగీతలు పేక. మా పెదనాన్న రోజూ కూర్చున్నది ఆమ్స్లర్ పలక ముందే! తన జబ్బును వైద్యుల కంటే ముందు, వైద్యుల భాషకంటే సూటిగా, ఆయనే చెప్పాడు. వినగలిగిన చెవి ఆ గదిలో లేదు.

నాలుగవది, టార్చిలైటు. వెలుగును ఒక కంటి మీదినుంచి రెండవ కంటి మీదికి మార్చి మార్చి వేస్తారు. ఒక కంటిలో రెటీనా కానీ నరం కానీ బాగా దెబ్బతింటే, వెలుగు పడ్డప్పుడు కనుపాప ముడుచుకోవటానికి బదులు వ్యాకోచిస్తుంది.

ఐదవది, చుక్కలు వేసి లోపలికి చూడటం. చేతి ఆఫ్తాల్మోస్కోపు రెటీనాను పదిహేను రెట్లు పెద్దదిగా చూపుతుంది, కానీ తాళంచెవి కంతలోంచి గది చూసినట్టు కొద్ది భాగమే కనిపిస్తుంది. స్లిట్‌ల్యాంపు ముందు చిన్న భూతద్దం పట్టుకుని చూస్తే రెండు కళ్ళతో, లోతు తెలిసేటట్టు కనిపిస్తుంది. గోడమీద చిన్న ఎర్రచుక్కలుంటే అవి రక్తనాళాల బుడిపెలు. మైనపు రంగు మచ్చలు కారిన కొవ్వు. దూది పింజల్లాంటివి రక్తం అందని చోట్లు. కొత్తగా అల్లుకున్న సన్నటి నాళాలు కనిపిస్తే ఇక ఆలస్యం కూడదు. అవే చిట్లి, మా పెదనాన్న చెప్పిన నల్లనూలు చిక్కు అవుతాయి.

మధుమేహం ఒక్కటే కాదు. రాత్రిళ్ళు దారి కనిపించటం లేదనే పిల్లవాడి మాట కూడా ఇక్కడే వినాలి. విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే రేచీకటి మందుతో పోతుంది. రెటీనాలో నల్లటి వర్ణకం పేరుకునే వంశపారంపర్య జబ్బు అలా పోదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఆ జబ్బును మరువరాదు. ఆ కుటుంబానికి జోడు కంటే సరైన సలహా ఎక్కువ అవసరం.

ఇవేవీ చికిత్స కావు. నిర్ధారణలో తుది మాట కూడా రెటీనా వైద్యునిదే. ఆప్టోమెట్రిస్టు చేయవలసిన నిర్ధారణ ఒక్క వాక్యం: "ఇది అద్దంతో పోయేది కాదు, ఈ వారమే వెళ్ళండి." ఆ వాక్యం చెబితే ఆనాటికి ఒక జోడు అమ్మకం పోతుంది. అక్కడే ఉంది అసలు పరీక్ష.

కెమెరా ఊరికి వచ్చింది

రెటీనాను ఫోటో తీసే కెమెరా 1926 నుంచి బజారులో ఉంది. కాని చుక్కలు అక్కరలేకుండా, కొద్ది శిక్షణతో ఎవరైనా తీయగలిగే కెమెరా, ఆ ఫోటోను నిమిషాలలో వైద్యునికి పంపే అంతర్జాలం, రెండూ కలిసిన తరువాతే పల్లెకు ఉపయోగపడ్డాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఖ్యమంత్రి ఈ-ఐ కేంద్రాల పేరుతో 115 సామాజిక ఆరోగ్య కేంద్రాలలో ఈ పద్ధతి ప్రవేశపెట్టింది. ఆప్టోమెట్రిస్టు అక్కడ ఫోటో తీస్తే దూరాన ఉన్న వైద్యుడు చదివేవాడు. అదే ఏడు ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు, 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కంటి వెలుగు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో తొలి విడతలలో బడిపిల్లలు, తరువాత వృద్ధులు.

ఫోటోను యంత్రమే చదివే రోజులు కూడా వచ్చాయి. 2016లో గూగుల్ పరిశోధకులు 1,28,175 రెటీనా చిత్రాలతో శిక్షణ ఇచ్చిన కృత్రిమ మేధ గురించి ప్రచురించారు. ఆ చిత్రాలలో మన దేశపు కంటాసుపత్రుల నుంచి వెళ్ళినవి కూడా ఉన్నాయి. 2018లో అమెరికా ప్రభుత్వం, వైద్యుడు చూడకుండానే ఫలితం చెప్పే ఒక యంత్రానికి తొలిసారి అనుమతి ఇచ్చింది.

ఇది ఫలిస్తుందా అని సందేహించేవారికి ఇంగ్లండ్ సమాధానం. అక్కడ 2003లో మధుమేహులందరికీ ఏటా రెటీనా ఫోటో తీసే కార్యక్రమం మొదలైంది. 2009-10 లెక్కలు చూస్తే ఇంగ్లండ్, వేల్స్‌లలో పనిచేసే వయసువారి అంధత్వానికి మధుమేహం మొదటి కారణం కాకుండా పోయింది. అది యాభై ఏళ్ళలో తొలిసారి.

మన వైపు లెక్కలు? 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహులు 10.1 కోట్లు. 2015-19 మధ్య జరిగిన సర్వేలో యాభై దాటిన మధుమేహులలో 16.9 శాతానికి రెటీనా జబ్బు కనిపించింది. చూపు పోగొట్టే దశ 3.6 శాతానికి. శాతం చిన్నదే, కాని దేనిలో శాతమో చూడండి.

మా ఊళ్ళో ఒకప్పుడు క్షయ ఆసుపత్రి ఉండేది. ఆ రోజుల్లో ఆ దారిన పోవటానికే జనం జంకేవారు. ఆ స్థలంలోనే ఇప్పుడు ఎయిమ్స్ ఉంది. 2015 డిసెంబరులో శంకుస్థాపన, 2018లో తొలి విద్యార్థులు, 2024 ఫిబ్రవరి 25న జాతికి అంకితం. భవనాలు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి, చట్టం వచ్చింది. బాబేజి సాధనం కథ మాత్రం మారలేదు. చూడటం తెలిసినవాడు, అడగటం తెలిసినవాడు జనం నడిచే వీధిలో ఉండాలి.

చివరిగా

పెదనాన్న ఎడమ కన్ను దక్కలేదు. కుడి కంటికి లేజర్ వేశారు. అది నిలిచింది. మగ్గం మానేశాడు కాని, ఉన్న కంటితో ఎనిమిదేళ్ళు కండెలు చుట్టాడు. మనవరాలి పెళ్ళి చీర అంచును చేత్తో తడిమి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, పోగు ఎక్కడ తప్పిందో చెప్పిన రోజు నాకు బాగా గుర్తు.

మీ ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్ళుంటే ఒక పని చేయండి. జబ్బు బయటపడ్డ ఏడాదే ఒకసారి, ఆ తరువాత ఏటా ఒకసారి, చూపు బాగున్నా సరే, చుక్కలు వేయించి రెటీనా పరీక్ష చేయించండి. కళ్ళజోడు దుకాణంలో వారు అడగకపోయినా షుగరు సంగతి మీరే చెప్పండి. గీత వంగుతోందని, పడుగు వంగుతోందని, గుమ్మం వంకరగా ఉందని ఎవరైనా అంటే నవ్వకండి. ముందు ఒక కన్ను మూసి చూడమనండి.

మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో ఇటువంటి అనుభవాలుంటే వ్యాఖ్యలలో పంచుకోగలరు. పొరపాట్లు కనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి, దిద్దుకుంటాను.